ఆఖరి బంతి వైపు నుంచి అంతర్జాతీయ న్యాయం: ప్రసన్నకుమారి గారి అధ్యాపక ప్రస్థానం

1991 ఆగస్టు 16వ తేదీ, శుక్రవారం నాడు శ్రీమతి నేలపాటి ప్రసన్నకుమారి గారు రాజమహేంద్రవరంలోని మన న్యాయ కళాశాలలో ఉపన్యాసకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ముందురోజు పతాకావిష్కరణకు కట్టిన రంగుకాగితాల తోరణాలు వరండాలో ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. కొత్తగా చేరినవారికి పాతవారెవరూ కోరుకోని పాఠ్యాంశాన్ని అంటగట్టడం ప్రతి కళాశాలలోనూ అనాదిగా వస్తున్న ఆచారం కనుక, వారికి అంతర్జాతీయ న్యాయశాస్త్రం దక్కింది. అంతవరకు ఆ పాఠాన్ని మధ్యాహ్న భోజనానంతరం నిద్రాదేవికి నైవేద్యంగా చెప్పేవారు. చెప్పేవారికి, వినేవారికి కూడా అందులో ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

ఆ శుక్రవారం మాత్రం ఎవరికీ కునుకు పట్టలేదు. కొవ్వూరు నుంచి బస్సులో వంతెన దాటి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ల అధ్యాపకురాలు, పుస్తకం తెరవకుండానే, వరండాలోని తోరణాల వైపు చూపించి తరగతిని ఒక ప్రశ్న అడిగారు.

"నిన్న జెండా ఎగరేశాం కదా. మనకి స్వాతంత్ర్యం వచ్చేటప్పటికి దేశాల మధ్య ఉండాల్సిన చట్టాలు రాయడం అయిపోయిందంటారా, ఇంకా మొదలవలేదంటారా?"

"చాలావరకు అయిపోయి ఉంటుందండి" అన్నాడు వెనుక బెంచీ విద్యార్థి ఒకడు.

"రాసేటప్పుడు మనల్ని అడిగారా?"

"లేదండి."

"అయితే పుస్తకం తియ్యండి. మనల్ని అడక్కుండా ఏం రాశారో చదువుదాం."

మూడు దశాబ్దాలకు పైబడిన వారి అధ్యాపక జీవితానికి ఆ నాలుగు మాటలే పీఠిక. ఆనాటి విద్యార్థులలో కొందరు నేడు న్యాయమూర్తులైనారు, కొందరు న్యాయవాదులైనారు, ఒకరిద్దరు ఏ వృత్తిలోనూ ఇమడలేక రాజకీయాలలో స్థిరపడినారు. వారిలో ఎవరిని కదిపినా పరీక్షలో రాసినదంతా మరచిపోయినా ఆ ప్రశ్న మాత్రం మరువలేదని చెబుతారు.

కొవ్వూరులో లూథరన్ పాఠశాల ఉపాధ్యాయుని ఇంట జన్మించి, విశాఖపట్నంలో న్యాయశాస్త్రం అభ్యసించిన ప్రసన్నకుమారి గారు, ఉద్యోగంలో చేరిన తరువాత సెలవు దినాలను, పండుగ దినాలను, ఇద్దరు పసిబిడ్డలు నిద్రించే వేళలను పోగుచేసుకుని పరిశోధన సాగించి, 1999లో డాక్టరేట్ పట్టా అందుకున్నారు. వలస పాలకులు స్థానిక ప్రభువులతో కుదుర్చుకున్న ఒప్పందాలు వారి పరిశోధనాంశం. ఓడలో తెచ్చిన కాగితంపై, చదవరాని భాషలో, ఫిరంగి నీడన చేయించిన సంతకాన్ని స్వేచ్ఛాసమ్మతిగా పరిగణించిన శాస్త్రమే, నేడు సర్వదేశాలూ సమానమని ప్రవచిస్తున్నదనీ, ఆ ప్రవచనం అబద్ధం కాకపోయినా అసంపూర్ణమనీ వారి వాదం. ఎవరినీ దూషించకుండా, ఎవరికీ భయపడకుండా ఆ మాటను నిరూపించడానికి వారు ఎనిమిదేళ్లు శ్రమించారు.

ఈ వాదానికి మన కళాశాలలో ప్రథమ ప్రతివాది శ్రీ మణిశంకర్ గారు. కాంట్రాక్టుల చట్టం బోధించే మణిశంకర్ గారు వీరి తరువాత రెండేళ్లకు చేరి, స్టాఫ్ రూములో వీరి ఎదుటి కుర్చీని ఆక్రమించి, నాటి నుండి నేటి వరకు టీ వేళ ప్రతిరోజూ విభేదిస్తూనే ఉన్నారు. వారి పూర్వపక్షం సుప్రసిద్ధం.

"అమలు చేసే పోలీసు లేని చట్టం చట్టమెలా అవుతుందండీ? పెద్ద దేశం మీద ఎవరు అమలు చేస్తారు?"

"పెద్ద దేశం మీద అమలు కాదు నిజమేనండి. చిన్న దేశం మీద మాత్రం శుభ్రంగా అమలవుతుంది. నేను ముప్పూటలా చెప్పేది అదే కదండీ" అనేవారు ప్రసన్నకుమారి గారు.

ఈ సంవాదం వలన కళాశాలకు కలిగిన మేలు అపారం. మణిశంకర్ గారి తరగతిలో ఒప్పందమంటే ఏమిటో నేర్చుకున్న విద్యార్థి, పక్క గదిలో ఆ ఒప్పందం ఎవరి చేతులు మెలిపెట్టి చేయించారో తెలుసుకుని, ఇద్దరికీ చెరొక రకమైన జవాబు రాసి, ఇద్దరి దగ్గరా మంచి మార్కులు కొట్టేసేవాడు.

2004లో ప్రసన్నకుమారి గారు తమ ఉద్యోగ జీవితంలోకెల్లా సాహసవంతమైన ప్రతిపాదన చేశారు. అందరూ చదివే తప్పనిసరి పాఠం చాలదనీ, అంతర్జాతీయ న్యాయాన్నీ ప్రపంచ అసమానతలనూ కలిపి పరిశీలించే ఒక ఐచ్ఛిక పేపరును చివరి సంవత్సరం విద్యార్థులకు బోధించడానికి అనుమతించాలనీ పాలకవర్గాన్ని కోరారు. ఆనాటి పాలకవర్గ అధ్యక్షులు, సీనియర్ న్యాయవాది శ్రీ శరత్‌చంద్ర గారు సహృదయులే గాని, ఆచరణవాది.

"రాజోలు మున్సిఫ్ కోర్టులో సరిహద్దు గట్టు కేసు వాదించుకునే కుర్రాడికి ఇవన్నీ ఎందుకమ్మా? వాడు హేగ్‌లో ప్రపంచ కోర్టుకి ఎప్పుడెళ్తాడు, మనం ఎప్పుడు చూస్తాం?" అని నవ్వి, ఫైలును పక్కన పెట్టారు. పక్కన పెట్టిన ఫైలు మళ్లీ మధ్యకు రావడం మన కళాశాలలో అరుదైన విషయం. ఆ పేపరు వారికి పదోన్నతి తెచ్చేది కాదు, జీతం పెంచేది కాదు. అయినా పదమూడేళ్ల అధ్యయనానికి ఒక గూడు కావాలన్న ఆశ వారి ముఖంలో కనబడుతూనే ఉండేది.

ఆ కార్తీక మాసంలో జరిగిన సంగతి చెప్పకుండా ఈ అభినందన పూర్తి కాదు. ఆ ఏడు వనభోజనాల ఏర్పాటు స్టాఫ్ క్లబ్ కార్యదర్శిగా ప్రసన్నకుమారి గారి మీద పడింది. కడియం వైపు ఒక తోటలో, ఉసిరిచెట్టు సాక్షిగా, వారొక కొత్త నిబంధన ప్రవేశపెట్టారు. ఏటా భోజనాల మొదటి బంతిలో పెద్దలు, ఆఖరి బంతిలో వండినవారు, మోసినవారు కూర్చునేవారు కదా; ఈసారి వంటవారు, బస్సు డ్రైవర్లు, స్వీపర్లు, అటెండర్లు ముందు కూర్చోవాలి, తరువాత విద్యార్థులు, ఆఖరున అధ్యాపకులు, పాలకవర్గం. శరత్‌చంద్ర గారు భోజనప్రియులు. కందాబచ్చలి కూర ఉందని తెలిసి కాకినాడలో ఒక పెళ్లి మానుకుని వచ్చారని చెప్పుకునేవారు. నిబంధన విని, "అలాగేనమ్మా, శుభం" అని చెట్టు కింద కుర్చీలో కూర్చున్నారు.

ప్రసన్నకుమారి గారు సరుకులు లెక్క ప్రకారమే తెప్పించారు. వారి లెక్కలోకి రానిది ఒక్కటే: గోదావరి జిల్లాల మర్యాద. మన ప్రాంతంలో విస్తరిలో ఉన్నది తింటే అది భోజనం కాదు. వద్దు వద్దంటుండగా వేసినది తింటేనే భోజనం. జీవితంలో మొదటిసారి మొదటి బంతిలో కూర్చున్న వంటవారికి, డ్రైవర్లకు విద్యార్థులు పోటీలు పడి కొసరి కొసరి వడ్డించారు. బూరెలకు చిల్లు పెట్టి నెయ్యి పోసి, "ఇంకొక్కటండి, కాదనకూడదండి" అని బతిమాలారు. తరువాతి బంతిలో ఆ విద్యార్థులు కూర్చున్నప్పుడు, తిని లేచిన వంటవారు కృతజ్ఞతతో ఆ మర్యాదను వడ్డీతో సహా తిరిగి చెల్లించారు.

ఆఖరి బంతి కూర్చునే వేళకు అన్నం, పప్పుచారు, ఆవకాయ, మజ్జిగ మిగిలాయి.

"కందాబచ్చలి ఏదయ్యా?" అన్నారు శరత్‌చంద్ర గారు.

"అయిపోయిందండి."

"బూరెలో?"

"అవీ అయిపోయాయండి."

"పులిహోర?" అని అడిగి, వడ్డించే కుర్రవాడు తల వంచుకోవడం చూసి, "అంతా ఎవరు తినేశారయ్యా?" అన్నారు.

ప్రసన్నకుమారి గారు చేతిలో మజ్జిగ గిన్నెతో వచ్చి వారి విస్తరి ముందు నిలబడ్డారు. ముఖం కందిపోయి ఉంది. అయినా గొంతు వణకలేదని అక్కడ ఉన్నవారందరూ సాక్ష్యం చెబుతారు.

"ఎవరూ తప్పు చెయ్యలేదండి. ముందు కూర్చున్నవాళ్లు ఒకళ్లకొకళ్లు మర్యాద చేసుకున్నారు. ఆ మర్యాదలో మీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. నేను పోయిన నెల తమరి ముందు పెట్టిన పేపరు ఇదేనండి. ప్రపంచంలో సగం దేశాలు ఇలా ఆఖరి బంతికి వచ్చి కూర్చున్నవే. వడ్డించినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. కూర అయిపోయాక అందరం సమానమే, అందరికీ ఒకటే విస్తరి అంటే కడుపు నిండదు కదండీ."

శరత్‌చంద్ర గారు పప్పుచారు అన్నం నిదానంగా కలుపుకున్నారు. రెండు ముద్దలు తిన్నారు. తరువాత తలెత్తి, "ఆ మజ్జిగైనా పోస్తావా అమ్మా, దానికీ ఎవరో పేటెంటు తీసేసుకున్నారా?" అన్నారు.

ఆ మాటకు అందరూ నవ్విన నవ్వు తోట దాటి రోడ్డు మీదికి వినబడింది. మరుసటి పాలకవర్గ సమావేశంలో పక్కన పెట్టిన ఫైలు మధ్యకు వచ్చింది. ప్రతిపాదనను స్వయంగా అధ్యక్షులే చదివి, "చర్చ అక్కర్లేదు, నేను తిని చూశాను" అని ఆమోదించారు. ఆ నాటి నుండి విశ్వవిద్యాలయ పత్రాలలో ఎంత గంభీరమైన పేరున్నా, మన విద్యార్థుల నోట అది 'ఆఖరి బంతి పేపరు'గానే స్థిరపడింది. ప్రసన్నకుమారి గారు ఇదంతా ముందే పథకం వేసి చేశారని ఒక అపప్రథ ప్రచారంలో ఉంది. అది అసత్యం. ఉద్యోగం పోయిందనుకుని తాము బస్సు వెనుక నిలబడి ఏడ్చామని వారే చెబుతారు. నాటి నుండి ఆఖరి బంతికి విడిగా గిన్నెలు తీసి మూతపెట్టి ఉంచుతున్నారు. ప్రపంచ వాణిజ్య చర్చలలో వెనుకబడిన దేశాలు అడిగే ప్రత్యేక వెసులుబాటు ఇదేనని ప్రతి ఏడూ ఆ మూత తీస్తూ వారు కొత్త విద్యార్థులకు బోధిస్తారు.

ఆ పేపరు బోధనలో భాగంగా వారు ఏటా విద్యార్థులను ఒకప్పటి ఫ్రెంచివారి వలస యానాం తీసుకువెళ్లేవారు. మన కుర్రవాళ్లకు యానాం ప్రయాణమంటే వేరే అర్థం ఉందన్న సంగతి అందరికీ తెలిసినదే కనుక దాచనక్కరలేదు. ఒక ఏడు తిరుగు ప్రయాణంలో ఎక్సైజు వారు బస్సు ఆపి తనిఖీ చేస్తే, వెనుక సీటు కింద ఒక సంచిలో రెండు చవక మద్యం సీసాలు బయటపడ్డాయి. ఆ సంచి దౌత్య సంచి అనీ, దానిని తెరిచే అధికారం ఏ దేశపు పోలీసులకూ లేదనీ ఒక విద్యార్థి తాను నేర్చుకున్న చదువునంతా కానిస్టేబుల్ ముందు కుమ్మరించాడు. పాపం, ఆ కానిస్టేబుల్ బిత్తరపోయి మేడం గారి వైపు చూశాడు.

"వాడు చెప్పిన సూత్రం సరైందేనండి, మార్కులు వేస్తాను" అన్నారు ప్రసన్నకుమారి గారు. "అయితే బలమున్నవాడికి మినహాయింపులిస్తే ఏమవుతుందో చూపించడానికే వీళ్లని ఇంత దూరం తీసుకొచ్చాను. మీరు సీసాలు తీసుకోండి."

ఆ విద్యార్థి నేడు ప్రభుత్వ న్యాయవాది. ఈ సంచికలో పేరు వేయవద్దని ఫోను చేసి వేడుకున్నాడు కనుక వేయడం లేదు.

2013లో కోనసీమ నుండి గల్ఫ్ దేశానికి ఇంటిపనికి వెళ్లిన అచ్చాయమ్మ అనే మహిళను అక్కడి యజమాని పాస్‌పోర్టు లాక్కుని, జీతమివ్వకుండా, ఇల్లు దాటనివ్వకుండా ఉంచాడని ఆమె చెల్లెలు కొవ్వూరు చర్చిలో ప్రసన్నకుమారి గారిని కలిసి కన్నీరు పెట్టుకుంది. ఇంటిపనివారి హక్కులకై ప్రపంచ దేశాలు కూర్చుని రాసుకున్న ఒడంబడిక ఒకటుంది. దానిపై ఆ దేశం ఆమోదముద్ర వేయలేదు, మన దేశమూ వేయలేదు. చట్టం ఉందని ఊరడించకుండా, లేదని విడిచిపెట్టకుండా, ప్రసన్నకుమారి గారు తమ విద్యార్థుల చేత రాయబార కార్యాలయానికి, మంత్రిత్వ శాఖకు, అక్కడి తెలుగు సంఘాలకు ఎడతెగక అర్జీలు రాయించారు. మణిశంకర్ గారు ప్రతి అర్జీనీ దిద్దిపెట్టారు. ఇది అంతర్జాతీయ న్యాయం కాదు, వట్టి పోరు పెట్టడమని అంటూనే దిద్దిపెట్టారు. ఏడాది తిరగకముందే అచ్చాయమ్మ రాజమండ్రి స్టేషనులో రైలు దిగింది.

కృతజ్ఞత చెప్పడానికి కళాశాలకు వచ్చిన ఆమెను ప్రసన్నకుమారి గారు తరగతి గదిలోకి తీసుకువెళ్లి తమ కుర్చీలో కూర్చోబెట్టారు.

"నాకు చదువు రాదండి. సంతకం నేర్చుకున్నాను, అంతే" అంది అచ్చాయమ్మ. "ఆళ్ల భాషలో కాయితం ఇచ్చి ఇక్కడ పెట్టమన్నారు. ఇంటిదగ్గర పిల్లలున్నారు కదండీ, పెట్టేశాను."

"మీరొక్కరే కాదమ్మా" అన్నారు ప్రసన్నకుమారి గారు. "అప్పుల్లో ఉన్న దేశాలు కూడా అలాగే పెట్టేస్తాయి. ఇంటిదగ్గర పిల్లలుంటారు కదా." ఆ తరువాత వారు పాఠం కొనసాగించలేకపోయారు. కళ్లు తుడుచుకుని, విద్యార్థులను ఆమెతో మాట్లాడమని చెప్పి, తాము బెంచీ మీద వారి మధ్య కూర్చున్నారు. ఆ బ్యాచ్‌లోని వినీల అనే విద్యార్థిని నేడు అమలాపురంలో వలస కార్మికుల కేసులు వాదిస్తోంది.

కరోనా మహమ్మారి రోజులలో కళాశాల మూతపడగా, ప్రసన్నకుమారి గారు కొవ్వూరులోని తమ వంటింటి బల్ల మీద ఫోను నిలబెట్టి పాఠాలు చెప్పారు. ధనిక దేశాలు తమ జనాభాకు మించి టీకాలు ముందుగా కొని పెట్టుకోవడం, పేద దేశాలు పేటెంట్లు కాస్త సడలించమని ప్రాధేయపడడం అప్పుడు దినదినమూ వార్తలలో వచ్చేది. పాఠ్యపుస్తకం అవసరం లేకుండా పోయిన ఏకైక సంవత్సరం అదేనని వారు బాధతో అనేవారు. ఆ తరగతులకు ఆహ్వానం లేకపోయినా హాజరైన విద్యార్థి వారి భర్త, విశ్రాంత గణిత ఉపాధ్యాయులు శ్రీ జాషువా గారు. "మా ఇంట్లోనే ఐక్యరాజ్యసమితి ఉందండి. తీర్మానాలు ఇద్దరం కలిసే చేస్తాం. వీటో మాత్రం ఆవిడదే" అని వారు పెరట్లో నుంచి అన్న మాట ఫోనులో యావత్తు తరగతికీ వినబడింది. సామర్లకోటలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న వారి కుమార్తె రూబీ ఆ మాటకు సాక్షిగా సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు ముప్పై మూడేళ్లకు పైగా సాగిన సేవకు 2025 మే 31న విరామం రానున్నదని ఫిబ్రవరిలోనే ఉత్తర్వు వచ్చింది. దానితో పాటు మరొక మాట కూడా వచ్చింది. వీరి పదవీ విరమణతో ఖాళీ అయ్యే ఉద్యోగం భర్తీ కాదు. తప్పనిసరి పాఠాన్ని ఉన్నవారు పంచుకుంటారు. ఐచ్ఛిక పేపరు బోధించే అధ్యాపకులు లేరు కనుక వచ్చే విద్యాసంవత్సరం నుండి దానిని నిలిపివేస్తారు. నోటీసు బోర్డులో ఆ కాగితం చూసిన నాడు ప్రసన్నకుమారి గారు ఎవరినీ నిందించలేదు, ఎవరికీ విన్నపం చేయలేదు. స్టాఫ్ రూములో కూర్చుని, టీ చల్లారిపోతున్నా తాగకుండా, ఒక్క మాట మాత్రం అడిగారు.

"ఎవరైనా తీసుకుంటారా అండి?"

అందరికీ నెత్తి నిండా పని ఉంది. ఆ పేపరు చెప్పాలంటే చదవవలసినది కొండంత ఉంది. ఎవరి టైంటేబులు వారు చూసుకున్నారు. వారు తల పంకించి, కప్పు తీసుకుని లేచారు. తాను పోతే పోయేది కుర్చీ ఒక్కటే అనుకున్నారు గాని, పాఠం కూడా పోతుందని వారు అనుకోలేదు. ఆ రోజు కొవ్వూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వంతెన దాటే వరకు ఏడ్చానని జాషువా గారితో చెప్పారట. ఆ సంగతి జాషువా గారు మణిశంకర్ గారికి ఫోనులో చెప్పారు. మణిశంకర్ గారు అప్పుడు మనలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు; ఒక్కొక్కరి దగ్గరా సంతకం మాత్రం తీసుకుని, సోమవారం ఉదయం ప్రిన్సిపాల్ శ్రీ వీరభద్రం గారి గదిలోకి మనందరినీ పిలిచి, ప్రసన్నకుమారి గారిని కూర్చోబెట్టి, టైపు చేసిన ఒక కాగితం బల్ల మీద పెట్టారు.

"ఒక్కరు చెప్పలేకపోతే అందరం చెబుతామండి" అన్నారు. "ఒప్పందాల అధ్యాయం నాది. వలస కార్మికులు లేబర్ చట్టం చెప్పే మధులత గారికి. భూభాగాల ఆక్రమణ ఆస్తి చట్టం వాళ్లకి. టీకాలు, పేటెంట్లు ఉమాశ్రీ గారు చూసుకుంటారు. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ఇది పత్రం, అందరం సంతకాలు పెట్టేశాం."

"మీరా మణిశంకర్ గారూ? అసలు అది చట్టమే కాదంటారు కదా మీరు."

"ఇప్పటికీ కాదనే అంటాను. క్లాసులో కూడా అదే చెబుతాను. కాదనేవాడొకడు లేకపోతే మీ పేపరుకి రుచేముంటుందండీ?"

ప్రసన్నకుమారి గారు వెంటనే సంతకం చేస్తారనుకున్నవారు వారిని ఎరుగనివారు. జీవితమంతా అసమాన ఒప్పందాలను విప్పి చూసిన మనిషి, కళ్లద్దాలు పెట్టుకుని ఆ పత్రాన్ని ఆమూలాగ్రం చదివారు. రెండవ నిబంధన దగ్గర ఆగి, విశ్రాంత అధ్యాపకురాలు అవసరమైనప్పుడు సలహా ఇవ్వవలెనని ఉందనీ, అవసరమో కాదో నిర్ణయించేది బలమున్న పక్షమే అయినప్పుడు అది సలహా కాదు, మొక్కుబడి అవుతుందనీ అభ్యంతరం తెలిపి, నెలకొకసారి తాము తరగతికి వచ్చి విద్యార్థుల మధ్య కూర్చునే హక్కు రాయించుకున్నారు. మధులత గారు పాఠం సరిగా చెప్పకపోతే లేచి ప్రశ్న అడిగే హక్కు కూడా అడిగారు. మధులత గారు భయపడుతూనే ఒప్పుకున్నారు. ఆఖరి నిబంధన దగ్గర వారి వేలు మళ్లీ ఆగింది.

"'ఈ ఒప్పందము డాక్టర్ ప్రసన్నకుమారి గారు ఆయురారోగ్యములతో ఉన్నంతకాలము అమలులో ఉండును.' ఇదేంటండీ? అంటే నేను పోతే పేపరు పోతుందా?"

"పోతుందండి" అన్నారు మణిశంకర్ గారు.

"ఇది అన్యాయం. తీసెయ్యండి."

"తియ్యను. బీపీ మాత్రలు మానేస్తున్నారని, మోకాళ్ల నొప్పులున్నా డాక్టరు దగ్గరకి వెళ్లట్లేదని జాషువా గారు చెప్పారు. మీ కోసం మీరు వెళ్లరు. పేపరు కోసమైతే వెళ్తారు. ఈ ఒక్క క్లాజులో రాజీ లేదండి."

ప్రసన్నకుమారి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. బలప్రయోగంతో చేయించుకున్న ఒప్పందం చెల్లదని తాము ముప్పై మూడేళ్లు పాఠం చెప్పామనీ, ఇది అక్షరాలా బలప్రయోగమేననీ నవ్వుతూ అని, కన్నీళ్లు కారుతుండగా సంతకం చేశారు. నోటీసు బోర్డులోని కాగితాన్ని వీరభద్రం గారు ఆ మధ్యాహ్నమే స్వహస్తాలతో తొలగించారు. వచ్చే విద్యాసంవత్సరానికి ఆ పేపరును కోరుకున్న విద్యార్థుల సంఖ్యకు గది సరిపోక పెద్ద హాలు కేటాయించవలసి వచ్చిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాము.

కనుక డాక్టర్ ప్రసన్నకుమారి గారికి మనం పలికే శుభాకాంక్షలు ఇతర విరమణోత్సవాలలో పలికేటటువంటి లాంఛనాలు కావని వారు గ్రహించాలి. వారు వేళకు మాత్రలు వేసుకోవాలి. మోకాళ్లను డాక్టరుకు చూపించుకోవాలి. జాషువా గారితో కలిసి సాయంత్రాలు గోదావరి గట్టున నడవాలి. మనవలను, మనవరాళ్లను ఎత్తుకోవాలి, వారితో వాదించాలి, వారి చేతిలో ఓడిపోవాలి. ఒప్పందంపై సంతకం చేసినవారు దానిని చిత్తశుద్ధితో పాటించి తీరాలన్నది అంతర్జాతీయ న్యాయానికి పునాది అని మన విద్యార్థులకు నేర్పినది వారే. బలవంతులు ఆ సూత్రాన్ని ఎన్నిమార్లు ఉల్లంఘించారో లెక్కలతో సహా చెప్పినదీ వారే. ఇప్పుడు వారి వంతు వచ్చింది. దైవకృప వారికి తోడై, ప్రిన్సిపాల్ గారూ అధ్యాపక బృందమూ సాక్షిగా సంతకం చేసిన ఆ ఒప్పందాన్ని, అందులోని ఆఖరి నిబంధనతో సహా, నిండు నూరేళ్లు పాటించవలసిందిగా వారిని ప్రేమతో కోరుతున్నాము. ఉల్లంఘనను సహించబోము.